హెడ్‌ఫోన్ జాక్ తొలగింపు: అంతర్వేది తీరం నుంచి చూస్తే

హెడ్‌ఫోన్ జాక్ అంటే ఫోను అంచున ఇయర్‌ఫోన్ పిన్ను దిగే 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి బెజ్జం. 2012 ప్రాంతంలో ఒకటి రెండు కంపెనీలు, 2016 తర్వాత దాదాపు అన్ని పెద్ద కంపెనీలూ తమ ఖరీదైన ఫోన్ల నుంచి దీన్ని తీసేశాయి. తియ్యడం సబబేనా అన్న వాదన పత్రికల్లోనూ వాణిజ్య ప్రకటనల్లోనూ ఏళ్ల తరబడి నడిచింది. అది ఎక్కువగా పాట నాణ్యత, ఫోను మందం, కంపెనీల లాభం, ఈ మూడింటి చుట్టూనే తిరిగింది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా సఖినేటిపల్లి మండలంలో, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది లాంటి చోట ఈ మూడూ రెండో వరసలోకి పోతాయి. ఇక్కడ ఆ తీగకు పాట వినిపించడం కాక ఇంకో పని ఉంది: ఫోనులోని ఎఫ్‌ఎం రేడియోకు ఏరియల్ అదే. జాకు పోతే ఏరియల్ పోతుంది, ఏరియల్ పోతే రేడియో పోతుంది. తుఫాన్ల దారిలో ఉన్న ఊళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

పిన్ను వంశం

ఈ పిన్ను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పుట్టింది. 19వ శతాబ్దం చివర్లో ఆపరేటర్లు ఒకరి లైనును మరొకరి లైనుతో కలపడానికి బోర్డులో గుచ్చిన పావు అంగుళం పిన్నే దీనికి తాత. ఆ 6.35 మి.మీ. పిన్ను ఇంకా బతికే ఉంది. ఎలక్ట్రిక్ గిటారుకు, కీబోర్డుకు, మైకుసెట్ల మిక్సరుకు అదే వాడతారు. మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవాలప్పుడు మైకుసెట్టు దగ్గర కూర్చున్న కుర్రాళ్లు పీకి గుచ్చేవి ఎక్కువగా ఆ లావు పిన్నులే. 1950, 60లలో ట్రాన్సిస్టర్ రేడియోలతో పాటు ఈ పిన్నుకు 3.5 మి.మీ. సన్న రూపం వచ్చింది. 1979 జులై 1న జపాన్‌లో సోనీ విడుదల చేసిన వాక్‌మన్‌కు ఇద్దరు కలిసి వినేందుకు రెండు జాకులు పెట్టారు. ఆ తర్వాత టేప్‌రికార్డర్లు, సీడీ ప్లేయర్లు, కంప్యూటర్లు, 2001లో వచ్చిన ఐపాడ్, అన్నీ దీన్నే పట్టుకున్నాయి.

పిన్నును వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే నల్లటి సన్నని గీతలు కనిపిస్తాయి. రెండు గీతలుంటే లోహం మూడు ముక్కలు: కొసన ఉన్నది ఎడమ చెవికి, దాని వెనకది కుడి చెవికి, మొదట్లోది రెండింటికీ ఉమ్మడి ఎర్తు. మూడు గీతలుంటే ముక్కలు నాలుగు, అదనపు ముక్క మైకుకు. చిక్కంతా ఈ నాలుగో ముక్క దగ్గరే వచ్చింది. మైకు ముందుండాలా, ఎర్తు ముందుండాలా అన్న విషయంలో కంపెనీలు కొంతకాలం రెండు దారులు పట్టాయి. ఒక దారి ఇయర్‌ఫోన్ను మరో దారి ఫోనుకు తగిలిస్తే వాయిద్యాలు ఎక్కడో నూతిలోంచి వినిపించేవి, గాయకుడి గొంతు మాయమయ్యేది. ఎర్తు సరిగా అందక ఎడమ కుడి ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం దీనికి కారణం. సినిమా పాటలో గొంతు రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి ముందు పోయేది అదే. మైకు బటన్ నొక్కి పట్టుకుంటే ఎర్తు కలిసి గొంతు మళ్లీ వచ్చేది. బొటనవేలు ఆ బటన్ మీదే ఉంచి పాట వినడం ఆ రోజుల్లో చాలామందికి అనుభవమే. జాకు ఎప్పుడూ ఏ గొడవా లేకుండా పనిచేసిందని ఇప్పుడు చెప్పేవాళ్లు ఆ బొటనవేలిని మరిచిపోతున్నారు.

తీసేసిన క్రమం

మొదటి ఐఫోన్‌లోనే (2007) జాకు లోపలికి దిగి ఉండటంతో చాలా ఇయర్‌ఫోన్లు పట్టేవి కావు. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోనుకు 3.5 మి.మీ. జాకే లేదు. నోకియా ఫోన్లలో చాలావాటికి 2.5 మి.మీ. బెజ్జమో, కంపెనీ సొంత పోర్టో ఉండేది. అంటే జాకు ఫోన్లలో నిలకడగా ఏలిన కాలం అనుకున్నంత పొడవైనదేమీ కాదు, మహా అయితే పదేళ్లు.

ఒప్పో 2012లో ఫైండర్‌లో, 2014లో ఆర్5లో సన్నదనం కోసం దాన్ని వదిలేసింది. మన దేశంలో మామూలు ధరలో ఈ మార్పు తెచ్చింది యాపిల్ కాదు. చైనా కంపెనీ లీఎకో 2016 జూన్‌లో భారత మార్కెట్లోకి దించిన లీ 2 ఫోనుకు జాకు లేదు, ధర 11,999 రూపాయలు. ఆ కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు గనక ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. అదే ఏడాది సెప్టెంబరు 7న యాపిల్ ఐఫోన్ 7ను ప్రకటించింది. వేదిక మీద కంపెనీ అధికారి ఫిల్ షిల్లర్ ఈ నిర్ణయానికి ధైర్యం కారణమని చెప్పడం తర్వాత ఏళ్ల తరబడి హాస్యానికి సరుకయింది. అదే వేదిక మీద తీగలేని ఎయిర్‌పాడ్స్‌నూ చూపించారు. రెండింటినీ కలిపి చూసినవాళ్లకు ధైర్యం కన్నా వ్యాపారమే ఎక్కువ కనిపించింది. అక్టోబరు 7న ఐఫోన్ 7 భారత్‌లో అమ్మకానికి వచ్చింది, ప్రారంభ ధర 60,000 రూపాయలు.

ఎగతాళి చేసినవాళ్లే వెంట నడవడం ఈ కథలో పదేపదే జరిగింది. 2016లో తన పిక్సెల్ ఫోనులో జాకు ఉందని గొప్ప చెప్పుకున్న గూగుల్ 2017 అక్టోబరులో పిక్సెల్ 2లో తీసేసింది. శాంసంగ్ యాపిల్‌ను వెక్కిరిస్తూ ప్రకటనలు తీసి, 2019 ఆగస్టులో గెలాక్సీ నోట్ 10కి జాకు పీకేసి, ఆ ప్రకటనలను చప్పుడు కాకుండా తొలగించింది. వన్‌ప్లస్ 2018 అక్టోబరులో 6టీతో అదే దారి పట్టింది. షావోమీ ఎంఐ ఏ2 ఆ ఏడాది ఆగస్టులో జాకు లేకుండానే మన మార్కెట్లోకి వచ్చింది. వెనక్కి తిరిగినవాళ్లూ ఉన్నారు: సోనీ 2020లో ఎక్స్‌పీరియా 1 రెండో తరంలో, ఆసుస్ 2021లో ఆటల ఫోను రోగ్ 5లో జాకు తిరిగి పెట్టాయి. పర్యావరణం పేరు మీద ఫోన్లమ్మే ఫెయిర్‌ఫోన్ కంపెనీ 2021లో జాకు తీసేసి, అదే ఊపులో తీగలేని బడ్స్ అమ్మకానికి పెట్టి, తన అభిమానుల చేతే చీవాట్లు తింది.

కంపెనీల కారణాలు ఎంతవరకు నిలుస్తాయి

ఫోను లోపల జాగా అన్నది గట్టి కారణమే. జాకు పీపా లోపలికి పద్నాలుగు మిల్లీమీటర్ల దాకా చొచ్చుకుపోతుంది. ఫోను పలకలో అది పెద్ద స్థలం. ఐఫోన్ 6ఎస్‌లో 1,715 ఎంఏహెచ్ ఉన్న బ్యాటరీ 7లో 1,960కి పెరిగింది. అయితే ఫోన్లు విప్పి చూసే ఐఫిక్సిట్ బృందం ఐఫోన్ 7ను తెరిచినప్పుడు సరిగ్గా జాకు ఉండాల్సిన చోట కనిపించింది వాయుపీడనం కోసం పెట్టిన ప్లాస్టిక్ ముక్క.

మందం కారణం నిలవదు. 2014 చివర్లో మన దేశంలోనూ అమ్మిన వీవో ఎక్స్5 మ్యాక్స్ మందం 4.75 మి.మీ., దానికి జాకు ఉంది. ఐఫోన్ 7 మందం 7.1 మి.మీ. నీళ్లు చొరకుండా తీశామన్న కారణమూ అంతే: 2016 మార్చిలో వచ్చిన గెలాక్సీ ఎస్7 జాకు ఉంచుకునే నీటి రక్షణకు ఐపీ68 రేటింగు తెచ్చుకుంది. జాకు లేని ఐఫోన్ 7 రేటింగు ఒక మెట్టు తక్కువ, ఐపీ67. ఇంకా ఒక మాట: ఈ రేటింగులన్నీ మంచినీళ్ల పరీక్షల మీద ఇచ్చేవి. వేటకు వెళ్లే పడవలో ఫోను మీద పడేది మంచినీరు కాదు.

మిగిలింది డబ్బు. తీగ ఇయర్‌ఫోన్ ఎవరైనా తయారు చెయ్యగలరు, ఎవరికీ రాయల్టీ కట్టనక్కరలేదు. జాకు పోయాక కొనేవాడికి మూడే దారులు: కంపెనీ అడాప్టరు, కంపెనీ అనుమతితో చేసిన ఇయర్‌ఫోన్, లేదా బ్లూటూత్. యాపిల్ మొదట అడాప్టరు పెట్టెలో ఇచ్చి 2018లో మానేసింది. 2020 అక్టోబరులో ఐఫోన్ 12తో ఇయర్‌ఫోన్లూ పెట్టెలోంచి పోయాయి. ఫ్రాన్స్‌లో మాత్రం పిల్లల తలకు ఫోను దూరంగా ఉండాలని చేసిన చట్టం పుణ్యమా అని 2022 జనవరి దాకా ఇవ్వక తప్పలేదు.

తీగే ఏరియల్

ఎఫ్‌ఎం ప్రసారాలు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు. దాన్ని బాగా పట్టాలంటే ఏరియల్ అందులో నాలుగో వంతు, అంటే ముప్పావు మీటరు దాకా ఉండాలి. అరచేతి ఫోనులో అంత పొడవు ఎక్కడినుంచి వస్తుంది? ఇంజనీర్లు తెలివిగా ఇయర్‌ఫోన్ తీగనే వాడుకున్నారు. మీటరుకు పైగా ఉండే ఆ తీగలో ఎర్తు పోగు మీదుగా రేడియో సంకేతం ఫోనులోకి వస్తుంది, అదే తీగలో ధ్వని చెవికి పోతుంది. జాకు దగ్గర ఉండే చిన్న చుట్టలు రెండింటినీ విడదీస్తాయి. ఫోనులో రేడియో తెరవగానే ఇయర్‌ఫోన్ తగిలించమని అడిగేది ఇందుకే. పాట స్పీకర్లో విన్నా సరే, తీగ మాత్రం వేలాడుతూ ఉండాల్సిందే. బ్లూటూత్ బడ్స్ ఈ పని చెయ్యలేవు.

తుఫాను రాత్రి ఇది ఎందుకు పట్టింపు అవుతుందో కోనసీమకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరితోటలు తోటలుగా నేలకొరిగాయి. వేటకు వెళ్లిన మత్స్యకారులు చాలామంది తిరిగి రాలేదు. అప్పటికి ఇక్కడ సెల్‌ఫోను లేదు, తుఫాను కబురు చేరే సాధనాల్లో ముఖ్యమైనది ఆకాశవాణి. సెల్లులు వచ్చిన కొద్దీ ట్రాన్సిస్టర్లు అటకెక్కాయి. రేడియో ఫోనులోకి మారింది కదా అన్న ధీమా కొన్నాళ్లు ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చినప్పుడు కరెంటు, టవర్లు కలిసే పోయి, ఫోన్లు రోజుల తరబడి మూగపోయాయి. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తీరాన్ని తాకింది నర్సాపురం దాపుల్లో, అంటే అంతర్వేది నుంచి చూస్తే గోదావరి అవతలి ఒడ్డున.

టవరు పడిపోతే ఇంటర్నెట్ రేడియో, వాట్సాప్, యూట్యూబ్ వార్తలు అన్నీ ఒక్కసారే ఆగుతాయి. దూరాన ఉన్న ఎఫ్‌ఎం ప్రసార కేంద్రం ఆగకపోవచ్చు. గాలివాన లేకపోయినా ఇలాంటి పరిస్థితి రావచ్చని కోనసీమ చూసింది: జిల్లా పేరు మార్పు మీద 2022 మే 24న అమలాపురంలో జరిగిన విధ్వంసం తర్వాత ఇక్కడ మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు.

ఇదే వాదన అమెరికాలోనూ వచ్చింది. 2017లో వరస హరికేన్ల తర్వాత అక్కడి సమాచార ప్రసారాల సంస్థ అధ్యక్షుడు అజిత్ పాయ్ ఐఫోన్లలో ఎఫ్‌ఎం చిప్పు పనిచెయ్యనివ్వమని యాపిల్‌ను బహిరంగంగా కోరారు. ఐఫోన్ 7, 8లలో ఎఫ్‌ఎం చిప్పూ, దానికి తగిన ఏరియలూ రెండూ లేవని కంపెనీ జవాబిచ్చింది. మన కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2023 ఏప్రిల్ చివర్లో ఫోన్ల కంపెనీల సంఘాలకు ఒక సలహా పంపింది. ఎఫ్‌ఎం సదుపాయం ఉన్న ఫోన్లలో దాన్ని మూసిపెట్టవద్దని, లేని వాటిలో చేర్చమని, విపత్తుల్లో రేడియో కీలకమని అందులో చెప్పింది. అది సలహా మాత్రమే, ఆజ్ఞ కాదు. జాకు మాయమవుతుంటే ఎఫ్‌ఎం ఉంచమనడం ఏరియల్ లేని టీవీ ఇంటికి పంపడమే.

ఎదురు వాదన కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. 2023లో దేశమంతటా పరీక్షించిన సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరిక ఇయర్‌ఫోన్ అడగదు, సైలెంట్‌లో ఉన్న ఫోనును కూడా పెద్దగా మోగిస్తుంది, నిద్రపోయేవాణ్ని లేపుతుంది. రేడియో అలా లేపలేదు. తుఫాను రాకముందు ఆ హెచ్చరిక మేలు. వచ్చి టవర్లు కూలాక రేడియో మేలు.

ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటి. 2023 జులైలో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్ ఫోనుకు 3.5 మి.మీ. జాకుంది, ఎఫ్‌ఎం రేడియో ఉంది. లక్ష రూపాయల ఫోన్లలో చాలావాటికి ఆ రెండూ లేవు. తుఫాను రాత్రి కబురు ముందు అందేది ఎవరికో ధర చూసి చెప్పలేం.

ఉప్పుగాలి, చెరువుగట్టు

తీరంలో ఫోనుకు మొదటి శత్రువు ఉప్పుగాలి. జాకు లోపల పిన్నును పట్టుకునే రాగి, ఇత్తడి పట్టీలకు పైన పూత ఉన్నా, అది అరిగిన చోట పచ్చటి చిలుము పడుతుంది. ముందు ఒక చెవిలో గరగర, తర్వాత ఆ చెవి పూర్తిగా మూగ. పిన్నును వేలితో తిప్పుతూ ఒక కోణం దగ్గర ఆపి, ఊపిరి బిగబట్టి పాట వినే స్థితి వస్తుంది. ఇంకో తంటా ఉంది: పిన్ను దిగిందో లేదో ఫోనుకు చెప్పే చిన్న పట్టీ ఒకటి బెజ్జంలో ఉంటుంది. ఉప్పు తేమ దాన్ని పక్క పట్టీతో కలిపేస్తే, ఏమీ తగిలించకపోయినా తెర మీద హెడ్‌ఫోన్ గుర్తు పడి కూర్చుంటుంది. ఫోను మోగుతుంది గానీ స్పీకర్లోంచి మాట రాదు. సెల్లు షాపులో మొదట చేసే వైద్యం ఒక పిన్నును పది సార్లు పెట్టి తియ్యడం, తర్వాత పుల్లకు దూది చుట్టి స్పిరిట్‌తో తుడవడం. కుదరకపోతే జాకు మార్చెయ్యడం. జాకు చాలా ఫోన్లలో చవకగా దొరికే విడి ముక్క.

జాకు తీసేస్తే ఈ తంటా పోతుందనేది కంపెనీల పక్షాన చెప్పదగిన మాటే. కాని చార్జరు పెట్టే టైప్-సి బెజ్జంలోనూ అదే ఉప్పు చేరుతుంది. తేడా ఏమిటంటే, జాకు చెడితే ధ్వనే పోయేది. టైప్-సి చెడితే చార్జింగు పోతుంది, అంటే ఫోనే పోతుంది. రెండు పనులకూ ఒకే బెజ్జం వాడితే అది రెట్టింపు అరుగుతుంది కూడా.

సఖినేటిపల్లి, మలికిపురం మండలాల్లో రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవాళ్లను చూస్తే తీగకు ఉన్న అసలు బలం తెలుస్తుంది. ఏరేటర్ల హోరులో గట్టు మీద తెల్లవార్లూ మెలకువగా ఉండాలి. ఫోనులో పాటలో, పాత సినిమాయో తోడు. చెవిలో పెట్టుకునే చిన్న బడ్స్ ఒక చార్జింగుకు నాలుగు నుంచి ఆరు గంటలు పలికి ఆగుతాయి. మళ్లీ డబ్బీలో పెట్టి చార్జింగు చేసుకోవాలి, ఆ డబ్బీకీ చార్జింగు కావాలి. జారి చెరువులో పడితే ఒక చెవి శాశ్వతంగా పోయినట్టే. తీగ ఇయర్‌ఫోన్‌కు చార్జింగు మాటే లేదు. మెడ చుట్టూ వేలాడుతుంది, వందకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది, పోయినా పెద్ద బాధ లేదు. బ్లూటూత్‌లో నెక్‌బ్యాండ్‌లు మన దేశంలో అంతగా అమ్ముడుపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: మెడలో పడి ఉంటాయి, జారిపోవు, రోజంతా పలుకుతాయి.

కువైట్, ఖతార్, ఒమాన్‌లలో ఇంటిపనికి, డ్రైవింగుకు వెళ్లినవాళ్లు రాజోలు, అమలాపురం ప్రాంతాల్లో ఇంటింటా ఉన్నారు. అక్కడి నుంచి ఐఎంఓలోనో మరో యాప్‌లోనో వచ్చే ఫోను గంట దాటుతుంది. ఆ మాట్లాడేది చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, చేత్తో పని చేసుకుంటూనే. గంట మాట్లాడితే ఫోను వేడెక్కుతుంది, చార్జింగు తగ్గుతుంది. జాకు ఉంటే ఒక పక్క చార్జరు, ఒక పక్క ఇయర్‌ఫోన్. లేకపోతే రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. చార్జింగులో ఉన్న ఫోనుకు తీగ తగిలించి చెవిలో పెట్టుకోవడం, ముఖ్యంగా నాసిరకం చార్జరుతో, ప్రమాదమే. షాకు కొట్టి ప్రాణాలు పోయిన వార్తలు అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. ఆ లెక్కన బ్లూటూత్ భద్రం. దాని రేడియేషన్ గురించి ఊళ్లలో ఉండే భయం మాత్రం లెక్కకు మించింది: చాలా ఇయర్‌ఫోన్లలో వాడే తరగతి బ్లూటూత్ గరిష్ఠ శక్తి 2.5 మిల్లీవాట్లు, చెవికి ఆనించిన ఫోను కన్నా ఎంతో తక్కువ.

భీష్మ ఏకాదశి రథోత్సవం నాడు, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నదీ సముద్రమూ కలిసే చోట, కొన్నేళ్ల కిందట ఎక్కడ చూసినా సెల్ఫీ కర్రలే. ఆ చవక కర్రల్లో చాలావాటికి బ్యాటరీ ఉండేది కాదు. పిడిలోంచి వచ్చే తీగను జాకులో పెట్టి మీట నొక్కితే, ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్ నొక్కినట్టు ఫోను భ్రమపడి ఫొటో తీసేది. అమెరికాలో స్క్వేర్ కంపెనీ ఇదే బెజ్జంలో పెట్టే చిన్న డబ్బీతో చిల్లర వర్తకుల చేత కార్డులు గీయించింది. జాకును ధ్వని కోసమే చేసినా, ఎవరి అనుమతీ అక్కరలేని ద్వారం కావడం వల్ల జనం దానితో ఇన్ని పనులు చేయించుకున్నారు.

బ్లూటూత్ పక్షం

బ్లూటూత్ వల్ల ఈ తీరానికే ఒరిగిన మేలు ఒకటి చెప్పకపోతే వ్యాసం ఒంటికాలి మీద నిలుస్తుంది. తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్ సిగ్నల్ అందదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర వాతావరణ హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం తయారు చేస్తుంది. అవి నడిసముద్రంలో ఉన్న పడవకు చేరేలా 2019 అక్టోబరులో జెమిని అనే చిన్న పరికరాన్ని తెచ్చారు. అది గగన్ ఉపగ్రహ వ్యవస్థ నుంచి వచ్చే సందేశాన్ని అందుకుని బ్లూటూత్ ద్వారా మత్స్యకారుడి ఫోనుకు పంపుతుంది. ఫోనులో యాప్ తెలుగులో చూపిస్తుంది. ఉప్పునీళ్లు ఎగిసే చోట తీగా బెజ్జమూ లేకపోవడమే నయం.

వినడానికి బ్లూటూత్ ఇప్పుడు బాగానే ఉంది. దాని ప్రాథమిక పద్ధతి ఎస్‌బీసీ సెకనుకు సుమారు 328 కిలోబిట్లు మోస్తుంది, సీడీ నాణ్యత 1,411. లెక్కలో తేడా పెద్దదే. బస్సులో, పంటు మీద, చెరువుగట్టున ఆ తేడా పట్టే చెవులు తక్కువ. ధ్వని ఆలస్యం మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. మామూలు బ్లూటూత్‌లో పాట చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా వెనకబడుతుంది. సినిమా చూసేటప్పుడు యాప్ బొమ్మను ఆపి సరిచేస్తుంది. పాడేటప్పుడు ఎవరూ సరిచెయ్యలేరు. స్మ్యూల్, స్టార్‌మేకర్ లాంటి యాప్‌లలో యుగళగీతాలు పాడే గృహిణులు, రిటైరైన మాస్టర్లు తీగ ఇయర్‌ఫోన్ వదలకపోవడానికి కారణం చాదస్తం కాదు, తాళం. తెర మీది అక్షరాలను ఫోను చదివి వినిపిస్తే వాడుకునే అంధులదీ ఇదే ఇబ్బంది. వేలు తగిలిన క్షణానికీ మాట వినిపించిన క్షణానికీ మధ్య జాప్యం వాళ్ల పని వేగాన్ని తినేస్తుంది.

చెత్త సంగతి ఇంకోటి. బడ్స్‌లో ప్రతి చెవికీ ఒక లిథియం బ్యాటరీ, డబ్బీలో ఒకటి, అన్నీ జిగురుతో అతికించినవే. రెండు మూడేళ్లకు బ్యాటరీ దిగజారితే విప్పి మార్చే వీలుండదు. 2016 నాటి ఎయిర్‌పాడ్స్‌కు ఐఫిక్సిట్ బాగుచేతకు వీలు విషయంలో పదికి సున్నా మార్కులు వేసింది. తీగ ఇయర్‌ఫోన్ పిన్ను దగ్గర తెగితే కోసి, కొత్త పిన్నుకు టంకం పెట్టే పనివాళ్లు ఒకప్పుడు ప్రతి రేడియో షాపులో ఉండేవారు. వంద రూపాయల ఇయర్‌ఫోన్‌కు ఆ శ్రమ ఎవరూ పడటం లేదన్నది కూడా నిజమే.

తెలుగు నేల మీద తయారీ, పంపిణీ

షావోమీ 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సమక్షంలో తన మొదటి భారత తయారీ ఫోను రెడ్‌మి 2 ప్రైమ్‌ను విడుదల చేసింది. దాన్ని బిగించింది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో, ధర 6,999 రూపాయలు, జాకు పైఅంచున. కేంద్రం ఫోన్ల దశలవారీ తయారీ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి విడతలో చార్జరు, బ్యాటరీ ప్యాక్‌లతో పాటు చేర్చింది తీగ హెడ్‌సెట్‌నే. తేలిగ్గా దేశంలో తయారు చెయ్యగల వస్తువని దాన్ని ముందు పెట్టారు. కొన్నేళ్లు తిరిగేసరికి పెట్టెల్లోంచి ఆ హెడ్‌సెట్టే పోయింది. 2023 మే నెలలో రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ అనుబంధ సంస్థ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. 2025లో అక్కడ ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది, ఎగుమతి కోసం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా శాంసంగ్ ట్యాబులు పంచింది. ఆ మోడల్‌కు 3.5 మి.మీ. జాకుంది. పాఠాలు ఇంటర్నెట్ లేకపోయినా నడిచేలా ముందే ఎక్కించి ఇచ్చారు. ఒకే గదిలో ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఇలాంటి ట్యాబు పనికొచ్చేది చవక ఇయర్‌ఫోన్ తగిలితేనే. ప్రభుత్వం కొనే పరికరాల్లో జాకు ఉండాలన్న షరతు పెట్టడం అంత కష్టం కాదు. చర్చలో ఈ ప్రతిపాదన దాదాపు వినపడదు.

ప్రస్తుత స్థితి

ఖరీదైన ఫోన్లలో జాకు కథ దాదాపు ముగిసింది. మధ్యతరగతి ధరల్లో ముగుస్తోంది: శాంసంగ్ ఏ52కు ఉన్న జాకు 2022లో ఏ53 నుంచి పోయింది, తర్వాత ఆ వరుసలోని చవక ఫోన్లలోనూ ఒక్కొక్కటిగా పోతోంది. మోటో జీ వరుసలో కొన్నింటిలోనూ, చాలా రెడ్‌మి ఫోన్లలోనూ, కీప్యాడ్ ఫోన్లలోనూ మిగిలింది. రాజోలు, మలికిపురం షాపుల్లో ఇయర్‌ఫోన్ అడిగితే ముందు వచ్చే ప్రశ్న, ‘గుండ్రం పిన్నాండీ, సి-టైపాండీ?’ సి-టైపులోనూ రెండు జాతులున్నాయి. కొన్ని ఫోన్లు ధ్వనిని నేరుగా ఆ బెజ్జంలోంచే పంపుతాయి. మిగతావి అంకెలుగా పంపి, వాటిని ధ్వనిగా మార్చే చిప్పు ఇయర్‌ఫోన్లోనో అడాప్టరులోనో ఉండాలంటాయి. మొదటి జాతి చవక అడాప్టరు రెండో జాతి ఫోనుకు పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. కొన్నవాడు ఫోను పాడైందనుకుంటాడు.

ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లన్నింటికీ టైప్-సి చార్జింగు బెజ్జం తప్పనిసరి చేసింది. మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా 2023 జనవరిలో టైప్-సికి ప్రమాణం ప్రకటించింది. ఆ బెజ్జానికి తగిలించే తీగను ఎఫ్‌ఎం ఏరియల్‌గా వాడుకోవడం సాంకేతికంగా సాధ్యమే, ఫోను లోపల చిన్న ఏర్పాటు చేస్తే చాలు. ఫోన్ల కంపెనీలకు దాన్ని తప్పనిసరి చేసే నిబంధన మాత్రం లేదు.